పళ్ళ పిన్ని చెప్పులు

పళ్ళ పిన్ని ఉద్యోగం ఊడిందన్న మాట వీధి మలుపులో చెప్పులు బాగుచేసే ఆయన దగ్గర పుట్టింది. ఆయనకు మనుషుల ముఖాల కన్నా పాదాలే బాగా గుర్తుంటాయి.

“ఆవిడ చెప్పులు చూశారా?” అన్నాడు టీ కొట్టు ఆయనతో, దారం పంటితో తెంపుతూ. “ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నా. సాయంత్రం ఆ పళ్ళ క్లినిక్ నుంచి వస్తుంటే పిండిమరలోంచి వచ్చినట్టుండేవి. ఇప్పుడు మడమ దగ్గర కూడా మరక లేదు. పనుంటే పొడి ఉండదూ?”

టీ కొట్టు ఆయన దానికి తన వంతు కలిపాడు. డాక్టరమ్మ కొత్తగా ఏదో కళ్ళజోడు తెప్పించిందట. అది పెట్టుకుంటే దవడ లోపలి ఎముక గాల్లో కనిపిస్తుందట. ఇంక మైనం ముద్దలతో, ప్లాస్టర్ పొడితో కుస్తీ పట్టే మనిషి దేనికి? పక్కన గ్లాసు పట్టుకుని నిలబడ్డ ఆయన ఇంకాస్త జాలిపడ్డాడు. పని పోయిన సంగతి బయటపడకూడదని పాపం ఆవిడ రోజూ టైముకి వెళ్ళి, వెనక గదిలో గోడకేసి చూస్తూ కూర్చుని, తెచ్చుకున్న డబ్బా తిని వచ్చేస్తోందట. ఈ మాట బస్టాండు దాకా వెళ్ళేసరికి డాక్టరమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని, ఆవిడ చేతిలో ఒక గోడగడియారం పెట్టి మరీ సాగనంపేసింది.

ఇందులో చెప్పుల సంగతి మాత్రం నిజమే.

పళ్ళ పిన్నికి యాభై నాలుగేళ్ళు. కట్టుడు పళ్ళు చేస్తుంది. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసి, పదిహేనో ఏట ఆ క్లినిక్‌లో చేరింది. అచ్చులు తీసే ట్రేలు కడగడం అప్పట్లో ఆమె పని. పళ్ళు చేసే ముసలాయన ఒకాయన ఉండేవాడు. ఆయన మైనం ఎలా కరిగిస్తున్నాడు, ఎంత చల్లారాక కత్తి పెడుతున్నాడు అన్నది ఆమె ట్రేలు కడుగుతూ ఓరకంట చూసేది. ఆయన జ్వరంతో రాని వారంలో ఒక పళ్ళ వరుస తనే చెక్కి, ఎవరూ చూడకుండా బల్ల మీద పెట్టింది. ఇప్పటి డాక్టరమ్మ వాళ్ళ నాన్న, పెద్ద డాక్టరు, దాన్ని వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి, “ఇదెవరు చేశారు?” అని అడిగాడు. ఆమె చేతులు వెనక్కి దాచుకుంది. గోళ్ళ సందుల్లో మైనం ఉంది మరి.

అప్పట్నుంచి ముప్పై ఎనిమిదేళ్ళుగా వెనక గది ఆమెదే. ఒక కిటికీ, ఒక గ్యాసు పొయ్యి, మైనం వాసన, గోడ నిండా అరల్లో ఊరి జనం దవడలు ప్లాస్టర్ రూపంలో. రోడ్డు మీద ఎవరైనా నమస్కారం పెడితే పేరు తట్టదు. “ఆఁ, కింద ముందు పన్ను వంకరాయన” అని గుర్తొస్తుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, “రోజూ ఇన్ని నోళ్ళు చూస్తున్నాను కదా, ఇంట్లోకి ఇంకొకటి దేనికి?” అంటుంది.

ఆ ఇంకొకటి ఇంట్లో ఉండనే ఉంది. వాళ్ళ అక్క.

అక్కాచెల్లెళ్ళిద్దరూ ఒక మేడ మీద రెండు గదుల్లో ఉంటారు. బావ పోయి తొమ్మిదేళ్ళయింది. అక్క బస్టాండులో మైకు ముందు కూర్చుంటుంది. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఊరందరికీ చెప్పేది ఆమె గొంతే. రిటైర్ కావడానికి ఇంకా మూడేళ్ళుంది. చెల్లెలు పగలంతా మాట్లాడని మాటలన్నీ అక్క తన మాటలకు కలిపి మాట్లాడేస్తుందని పక్కింటివాళ్ళ వేళాకోళం.

అక్కకు కింద కుడివైపు మూడు దవడ పళ్ళు లేవు. వాటి చోట పెట్టుకుని తీసేసే సెట్టు చెల్లెలే చేసిచ్చింది. పదకొండేళ్ళుగా అక్క దాన్ని పెట్టుకుంటోంది, పదకొండేళ్ళుగా తిడుతోంది. మామూలుగా మాట్లాడితే ఏమీ తెలియదు. మైకు ముందు మాత్రం ఆ సెట్టు కొక్కెం ఒక్కోసారి పంటికి తగిలి చప్పుడయ్యేది. “ప్రయాణికులు గమనించగలరు. ఏడో నంబరు, టక్, ప్లాట్‌ఫారం...” డ్రైవర్లు ఆ టక్కును కూడా కలిపి అనుకరించేవాళ్ళు.

“నీ చేతి పనే! ఊళ్ళో అందరికీ వజ్రాల్లాంటి పళ్ళు చేస్తావు, సొంత అక్కకు గడియ పెట్టినట్టు చేశావు,” అనేది అక్క.

“ఎముక అరిగిపోతే సెట్టు ఊగక ఏం చేస్తుంది? నోరు కాస్త ఆపి చూడు, అదీ ఆగుతుంది.”

“నోరు ఆపితే బస్సులెవరు పంపుతారే?”

అలాంటి రోజుల్లో క్లినిక్‌కి కళ్ళజోడు వచ్చింది. నల్లగా, మోటారు సైకిలు వాళ్ళు పెట్టుకునే దానికన్నా కాస్త పెద్దగా ఉంది. డాక్టరమ్మ మొదటిరోజే వెనక గదికి తెచ్చి పిన్నికి పెట్టింది. బల్ల మీద ఉన్న ప్లాస్టర్ దవడ మీద నీలం రంగు ఎముక తేలుతూ కనిపించింది. దాని లోపల పసుపుపచ్చని దారంలా నరం. స్క్రూ దిగాల్సిన చోట ఆకుపచ్చ గీత. పిన్ని అప్రయత్నంగా చెయ్యి చాపింది. ఏమీ దొరకలేదు.

“అది పట్టుకునేది కాదు పిన్నీ, చూసేది,” అని డాక్టరమ్మ నవ్వింది.

పిన్నీ నవ్వింది. కానీ ఆ సాయంత్రం అరల్లో దవడలు తుడుస్తూ కాసేపు ఉండిపోయింది. ఎముకలో స్క్రూ బిగించి దాని మీద పన్ను కట్టే పద్ధతి వచ్చాక సెట్లు చేయించుకునేవాళ్ళు అప్పటికే తగ్గారు. ఇప్పుడు ఈ కళ్ళజోడు. టీ కొట్టు ఆయన తర్వాత ఎప్పుడో అనబోయే మాట ఆ రోజు ఆమె తనకు తానే అనుకుంది.

వారం తిరక్కుండా డాక్టరమ్మ మళ్ళీ వెనక గదికి వచ్చింది. కళ్ళజోడు తెలివైనదే గానీ, రోగి దవడ ఎక్కడుందో దానంతట దానికి తెలియదట. తల కాస్త కదిలితే బొమ్మ ఒకచోట, దవడ ఒకచోట. అందుకని రోగికి మిగిలి ఉన్న పళ్ళ మీద కదలకుండా కూర్చునే ఒక తొడుగు కావాలి. అందులో మూడు చిన్న లోహపు పూసలుండాలి. అది నోట్లో ఉండగానే స్కాన్ తీయించుకోవాలి. ఆపరేషన్ రోజు అదే తొడుగుకు నలుపు తెలుపు గళ్ళున్న పాచికంత డబ్బా ఒకటి తగిలిస్తారు. కళ్ళజోడు చూసేది ఆ డబ్బానే. అదెక్కడుంటే దాన్నిబట్టి ఎముక ఎక్కడుందో లెక్క కట్టుకుంటుంది.

“ఈ తొడుగు మీరు చేస్తేనే నాకు ధైర్యం పిన్నీ. బయటినుంచి తెప్పిస్తే ఊగుతోంది,” అంది డాక్టరమ్మ.

పిన్ని చేసింది. చేస్తూ తన సొంతంగా ఒక పని కలిపింది. తొడుగు పైభాగంలో మూడుచోట్ల గోరంత కిటికీలు కోసింది. సరిగ్గా కూర్చుంటే ఆ కిటికీల్లోంచి పంటి కొన తొడుగును ఆనుకుని కనిపిస్తుంది. లేకపోతే సందు కనిపిస్తుంది. ఇది ఎవరూ చెప్పింది కాదు. గోళ్ళ కింద మైనం ఇరుక్కుని ఇరుక్కుని వచ్చిన తెలివి. అయితే తొడుగు చేసి ఇచ్చేయడంతో ఆమె పని అయిపోయేది. నోట్లో పెట్టేది, ఆపరేషన్ గదిలో ఉండేది డాక్టరమ్మ, నర్సు. పిన్ని ఆ గది గడప తొక్కేది కాదు.

కళ్ళజోడు సంగతి విన్న రోజు నుంచీ అక్క ఊరుకోలేదు. “నాకూ అదే వేయించు. టక్కు లేకుండా మూడేళ్ళు మైకులో మాట్లాడి రిటైరవుతాను.”

అచ్చు తీశారు, తొడుగు అయింది, స్కాన్ అయింది. ఆపరేషన్‌కు వారం రోజుల టైముంది. స్కాన్ రోజు ఆ తొడుగు నోట్లో పెడితే అక్క వాంతి వచ్చినట్టు చేసింది. గంటసేపు దీన్ని ఎలా ఉంచుకుంటానే అని బెంబేలు పడింది.

అక్కడ పిన్ని పొరపాటు చేసింది. ముప్పై ఎనిమిదేళ్ళుగా కొత్త సెట్టు ఇచ్చిన ప్రతివాళ్ళకీ ఆమె చెప్పే మాట ఒకటుంది: “ఇంటికి తీసుకెళ్ళి రోజూ కాసేపు పెట్టుకోండి, అలవాటవుతుంది.” తొడుగును క్లినిక్ బీరువాలోంచి కదపొద్దని డాక్టరమ్మ చెప్పింది. చెప్పిందని పిన్నికి తెలుసు. అయినా చెయ్యి నోటికన్నా ముందు అలవాటు ప్రకారం పోయింది. చిన్న డబ్బాలో పెట్టి అక్క చేతిలో పెట్టింది. “రోజూ కాసేపు పెట్టుకో. ఆపరేషన్ రోజు గుర్తుగా తీసుకురా,” అంది. డాక్టరమ్మతో అనలేదు.

ఆపరేషన్ రోజు కుర్చీలో కూర్చున్నాక అక్క పేచీ పెట్టింది.

“మా చెల్లెలు పక్కన లేకపోతే నేను నోరు తెరవను.”

“మీరు నోరు తెరవనంటే ఎవరు నమ్ముతారండీ?” అంది డాక్టరమ్మ. నర్సు పిన్నికి పచ్చ గౌను తొడిగి, గుడ్డ టోపీ పెట్టి, చెప్పులు గుమ్మం బయట విప్పించి నీలం రబ్బరు చెప్పులిచ్చింది. పిన్ని ఎడమపక్కన నిలబడి అక్క చెయ్యి పట్టుకుంది.

ఇంజక్షన్ ఇచ్చారు. కుడివైపు పెదవి మొద్దుబారింది. డాక్టరమ్మ తొడుగు పెట్టి, గళ్ళ డబ్బా తగిలించి, కళ్ళజోడు సర్దుకుంది. డ్రిల్ మొనను ముందు పంటి కొనకు ఆనించి చూసింది. బొమ్మ, పన్ను ఒకదాని మీద ఒకటి సరిగ్గా ఉన్నాయి. “బాగుంది,” అంది. ఆమెకు కనిపించేవన్నీ బాగానే ఉన్నాయి. నీలం ఎముక, పసుపు నరం, దానికి రెండు మిల్లీమీటర్ల పైన ఆగిపోవాల్సిన ఆకుపచ్చ గీత.

పిన్నికి అవేమీ కనిపించవు. ఆమె కళ్ళకు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. తను కోసిన మూడు కిటికీలున్నాయి. ముందుది నిండుగా ఉంది. పక్కది నిండుగా ఉంది. ఎడమ చివరి పంటి మీది కిటికీలో మాత్రం సన్నని నల్లటి గీత. గోరు అంచంత.

ఉమ్మేమో అనుకుంది. కళ్ళు ఆర్పి మళ్ళీ చూసింది. గీత అక్కడే ఉంది.

చాలా ఏళ్ళ కిందట, మరెక్కడో పన్ను వేయించుకుని ఈ క్లినిక్‌కు వచ్చిన ఒకాయన ఆమెకు గుర్తొచ్చాడు. డ్రిల్ నరానికి తగిలి, ఆయన కింది పెదవి సగం ఎప్పటికీ మొద్దుబారిపోయింది. వెనక గదిలో కూర్చోబెట్టి టీ ఇస్తే గడ్డం మీదుగా చొక్కా మీదికి కారిపోతోంది. ఆయనకు తెలియడం లేదు. పిన్నే తుడిచింది.

చెబితే, తొడుగు ఇంటికి వెళ్ళిన సంగతి కూడా చెప్పాలి. కళ్ళజోడు వచ్చాక తనకు మిగిలిన పని ఆ ఒక్క తొడుగే. అందులోనే తప్పు చేశానని, ఎన్నడూ నోరెత్తని గదిలో నిలబడి చెప్పుకోవాలి. డ్రిల్ తిరగడం మొదలైంది. సన్నగా, దోమలా. పిన్ని చేతిలో అక్క చెయ్యి బిగుసుకుంది.

“అమ్మా, ఆగండి.”

డాక్టరమ్మకు వినపడలేదు. పిన్ని అక్క చెయ్యి వదిలి కుర్చీ మీదికి వంగింది.

“ఆగండమ్మా! తొడుగు కూర్చోలేదు!”

ఈసారి గట్టిగానే వచ్చింది. నర్సు ఉలిక్కిపడింది. డ్రిల్ ఆగింది.

“ముందు పంటి దగ్గర చూశాను పిన్నీ, సరిగ్గానే ఉంది.”

“ముందు ఉంది. వెనక లేదు. ఎడమ చివర సందుంది చూడండి. తప్పు నాది. నేను దాన్ని ఇంటికిచ్చాను.”

డాక్టరమ్మ డ్రిల్ మొనను ఎడమ చివరి పంటి కొనకు ఆనించింది. కళ్ళజోడులో బొమ్మ పన్ను ఒకచోట ఉంటే, మొన ఇంకోచోట ఉంది. రెండు మిల్లీమీటర్ల తేడా. ఒక చివర లేస్తే కుడివైపు బొమ్మ కూడా అలాగే పక్కకు జరిగినట్టే. నరానికి పైన వదిలిన చోటు కూడా సరిగ్గా అంతే.

డాక్టరమ్మ డ్రిల్ పక్కన పెట్టింది. కుర్చీలోంచి “ఊఁ! ఊఁ!” అని వినపడింది. అక్క వేలు పైకెత్తి ఊపుతోంది. తొడుగు తీశాక, సగం పెదవితోనే ఆమె చెప్పుకొచ్చింది. మొన్న మధ్యాహ్నం బస్టాండు ఆఫీసులో అందరికీ చూపించడానికి అది పెట్టుకుందట. మా చెల్లెలు చేసింది చూడండి, ఎంత ముద్దుగా ఉందో అని. తర్వాత శుభ్రంగా ఉండాలని టీ కెటిల్లోంచి మరిగే నీళ్ళు గ్లాసులో పోసి అందులో వేసిందట.

“మరిగే నీళ్ళా?” అంది పిన్ని.

“క్రిములు చావద్దూ?”

“క్రిములతో పాటు తొడుగూ వంకరపోయింది!”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. ముఖం కందిపోయి ఉంది. “ఇంటికి ఎందుకిచ్చారు పిన్నీ? నేను చెప్పాను కదా,” అంది. పిన్ని తల దించుకుంది. డాక్టరమ్మే మళ్ళీ అంది. “నేను మాత్రం? ఒక్క పంటి దగ్గర చూసి సరిపోయిందనుకున్నాను. మూడుచోట్లా చూడాల్సింది.” తర్వాత నర్సుతో, “ఈరోజుకు ఆపేద్దాం. మళ్ళీ తొడుగు, మళ్ళీ స్కాన్,” అంది.

ఇంటికి వెళ్ళాక అక్క టీ పెట్టమంది. పెదవి మొద్దు వదిలేదాకా ఆగమని పిన్ని చెప్పినా వినలేదు. చల్లార్చి ఇస్తే ఒక గుక్క తాగి, ఏదో చెప్పడానికి చెల్లెలి వైపు తిరిగింది. టీ కుడివైపు గడ్డం మీదుగా మెడ మీదికి కారింది. అక్కకు తెలియలేదు. పిన్ని తువ్వాలుతో తుడిచింది.

అక్క ఆ తువ్వాలు వంక చూసింది. అద్దం దగ్గరికి వెళ్ళి, “ప్రయాణికులు...” అనబోయింది. పెదవులు కలవలేదు. “ప్లాట్‌ఫారం” అనబోయింది. గాలి వచ్చింది గానీ మాట రాలేదు.

“నువ్వు ఆపకపోతే ఎప్పటికీ ఇంతేనా?”

“ఏమో అక్కా. ఇంతే అయ్యుండేదేమో.”

అక్క ఆ సాయంత్రం గంటన్నర సేపు ఒక్క మాట మాట్లాడలేదు. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదేమోనని పక్కింటావిడ తలుపు తట్టి చూసి వెళ్ళింది.

పిన్ని కొత్త తొడుగు చేసింది. ఈసారి డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘ఇంటికి కాదు’ అని రాసి బీరువాలో పెట్టి, తాళం డాక్టరమ్మకే ఇచ్చేసింది. రెండోసారి ఆపరేషన్ రోజున తొడుగు చేతిలోకి తీసుకున్న డాక్టరమ్మ, పెట్టబోయి ఆగింది.

“పిన్నీ, మీరే పెట్టండి.”

“నేనా?”

“మీరు చేసింది, మీ చేతికే తెలుస్తుంది. మీరు ‘కూర్చుంది’ అన్నాకే నేను డ్రిల్ పట్టుకుంటాను. ఈరోజుకే కాదు, ఇకనుంచి అందరికీ అంతే.”

పిన్ని రెండు బొటనవేళ్ళతో తొడుగును నొక్కింది. ముందు నొక్కితే వెనక లేవలేదు, వెనక నొక్కితే ముందు లేవలేదు. మూడు కిటికీల్లోకీ వంగి చూసింది. అక్క కనుబొమలు ఎగరేసి ఏమిటీ ఆలస్యం అన్నట్టు చూసింది.

“కూర్చుంది,” అంది పిన్ని.

మూడు పళ్ళనూ మోసే రెండు స్క్రూలూ గీసిన గీతల మీదే దిగాయి. సాయంత్రానికి పెదవికి స్పర్శ వచ్చింది. నాలుగు నెలలకు ఎముక గట్టిపడ్డాక పళ్ళు కట్టారు.

ఇప్పుడు బస్టాండులో టక్కు లేదు. మాట పాలమీగడలా జారిపోతుంది. అది విని డ్రైవర్లు కొత్త కథ కట్టారు. ఆవిడ ముందుగానే రిటైరైపోయిందట, ఆవిడ గొంతు ఎప్పుడో రికార్డు చేసి పెట్టారట. లేకపోతే టక్కు ఏదీ?

“విన్నావటే? నీ ఉద్యోగం పోయిందట, నా ఉద్యోగమూ పోయిందట. ఇద్దరం ఇంట్లో కూర్చుని గోళ్ళు గిల్లుకుంటున్నామట,” అంది అక్క భోజనాల దగ్గర. “మైకులో చెప్పెయ్యనా? ప్రయాణికులు గమనించగలరు, మా చెల్లెలు పనిలోనే ఉంది అని?”

“వద్దులే అక్కా. బస్సులు తప్పిపోతాయి జనానికి.”

పోయిన వారం పిన్ని చెప్పు పట్టీ తెగితే వీధి మలుపు దగ్గర ఆగింది. చెప్పులు బాగుచేసే ఆయన మరీ శ్రద్ధగా రెండు వరసలు కుట్టి, పాలిష్ కూడా పెట్టి, ఆమె చిల్లర ఇవ్వబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉంచండి పిన్నీ. మీ దగ్గర తీసుకుంటానా? రోజులన్నీ ఒక్కలా ఉండవు.”

పిన్నికి ఏదో చెప్పాలనిపించింది. ఆయన ముఖంలో అంత దయ చూసి నోరు రాలేదు. “మీ కింది సెట్టు కొక్కెం వదులైనట్టుంది, ఒకసారి క్లినిక్‌కి రండి, చూస్తాను,” అని మాత్రం అని, చిల్లర ఆయన పెట్టె మూత మీద పెట్టి వచ్చేసింది. ఆవిడ ఇంకా అక్కడే ఉన్నట్టు మాట్లాడుతోందే పాపం అనుకున్నాడాయన.

రోజూ తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా పళ్ళ పిన్ని క్లినిక్ గుమ్మం పక్క చెక్క స్టాండులో తన చెప్పులు విప్పి, ఆపరేషన్ గది నీలం రబ్బరు చెప్పులు వేసుకుంటుంది. సాయంత్రం దాకా వెనక గదిలోనూ అవే, కుర్చీ దగ్గరా అవే. ఆపరేషన్ గదిలోకి వెళ్ళే ముందు వాటిని కడుక్కుంటుంది. ప్లాస్టర్ పొడి ఇప్పుడు వాటి మీద పడుతోంది.